పై వాటాలో ఎవరూ లేరట!

తన ఇంట్లో తాను ఉండటం లేదన్న సంగతి ఇస్త్రీ మాస్టారికి తలుపు మీద అంటించిన కాగితం చూశాకే తెలిసింది.

ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి, ఎప్పటిలాగే కింది మెట్టు దగ్గర బూట్లు విప్పి చేత పట్టుకున్నాడు. మేజోళ్ళతో మెట్లెక్కాడు. తాళం తీసేటప్పుడు ‘టక్’మనకుండా ఎడమచేత్తో దాన్ని అదిమి పట్టాడు. అప్పుడు కనిపించింది, కళ్ళెదురుగా, పసుప్పచ్చ కాగితం.

మాస్టారికి ఆ దేశపు భాష మాట్లాడటం వచ్చు. అదీ ఇస్త్రీ చేయని చొక్కాలా, వేసుకు తిరగడానికి పనికొస్తుంది గాని ముడతలు కనిపిస్తూనే ఉంటాయి. చదవడం మాత్రం బట్టల లేబుళ్ళ మేరకే. ‘చన్నీళ్ళలో ఉతకాలి’, ‘పిండరాదు’ వంటివైతే గడగడా చదివేస్తాడు. ఆ కాగితంలో ఉతకడం గురించి, పిండటం గురించి ఒక్క ముక్కా లేదు. ఫోటో తీసి బావమరిదికి పంపాడు. బావమరిది అదే ఊళ్ళో ప్లంబరు. నలుగురిళ్ళకీ తిరిగి పనిచేసేవాడు కాబట్టి చదవడం కూడా పట్టుబడింది.

వెంటనే ఫోను మోగింది. మోగలేదు, వణికింది. మాస్టారు ఫోను మోగనివ్వడు.

“బావా, నువ్వు నీ ఇంట్లో లేవట.”

“ఉన్నాను కదరా. ఇప్పుడే వచ్చాను.”

“నాకు చెప్తే ఏం లాభం? వాళ్ళకి చెప్పు. పొద్దున తనిఖీకి వచ్చారట. తలుపు కొడితే ఎవరూ పలకలేదట. చుట్టుపక్కల అడిగితే, పై వాటా ఖాళీ, అందులో ఎవరూ ఉండటం లేదని చెప్పారట. నీ నివాస నమోదు ఆపేశారు. ఇంకొక్కసారి వస్తారట. అప్పుడూ ఇదే మాటయితే కొట్టేస్తారు.”

మాస్టారు తలుపు మూయడం మరిచిపోయి అలాగే గుమ్మంలో నిలబడిపోయాడు. అవన్నీ ఒకదాని కొంగు పట్టుకుని ఒకటి నడిచే కాగితాలు. నివాస నమోదు ఉంటే నివాస కార్డు. ఆ కార్డు ఉంటే వర్క్ వీసా. ఆ రెండూ ఉంటే భార్యకి కుటుంబ వీసా. ముందు నడిచేది బోర్లా పడితే వెనకాలవన్నీ దాని మీదే పడతాయి. భార్య పనిచేసే స్పిన్నింగ్ మిల్లులో ఈ నెలాఖరున పని మానేస్తానని అప్పుడే చెప్పేసింది కూడా.

“అక్కకి నేను చెప్పనా, నువ్వు చెప్తావా?” అన్నాడు బావమరిది.

“ఎవరూ చెప్పొద్దు.”

“మంచిది. మరి ఇందాకే పంపేశాను, ఆ ఫోటో.”

ఇంతకీ బతికున్న మనిషి ఇంట్లో ఉండి కూడా లేకుండా పోవడం ఎలాగంటే, అదొక విద్య. మాస్టారు దాన్ని ఏళ్ళ తరబడి కష్టపడి నేర్చుకున్నాడు.

అతను పనిచేసేది ఓ పెద్ద హోటలు లాండ్రీలో. కాలరు, భుజం, కఫ్, చేతులు, ముందు భాగం, ఆఖరున వీపు — ఈ వరసలో చొక్కా అతని చేతిలో పడి లేచిందంటే కొత్తదే. అందుకే అక్కడున్న మనవాళ్ళంతా ‘మాస్టారూ’ అని పిలుస్తారు. ఎడమచేత్తో బట్ట సర్దుతాడు, కుడికాలితో పెడలు తొక్కుతాడు. ఆవిరి బుస్సుమంటుంది. మళ్ళీ సర్దుతాడు, మళ్ళీ తొక్కుతాడు. తెల్లవారకముందు మొదలయ్యే ఆ తొక్కుడు మధ్యాహ్నం దాకా సాగుతుంది.

ఈ వాటాలోకి రాకముందు కంపెనీ ఇచ్చిన గదిలో ఉండేవాడు. అందులో నేల మీద పరుపులు, పరుపుకి ఇద్దరు. ఒకడు డ్యూటీకి లేచి వెళ్ళగానే ఇంకొకడు వచ్చి ఆ వెచ్చదనంలోనే పడుకుంటాడు. ఏ వేళప్పుడు చూసినా ఎవడో ఒకడు నిద్రపోతూనే ఉంటాడు. కాబట్టి ఆ గదికి ఒకటే చట్టం: చప్పుడు చేయకూడదు. బూట్లు వీధిలోనే విప్పాలి. లైటు వేయకూడదు, తడుముకోవాలి. సంచీ జిప్పుని పన్ను పన్ను చొప్పున తెరవాలి. కుళాయికి గుడ్డపీలిక కట్టి, ధార దాని వెంట జారేలా చూడాలి. దగ్గొస్తే బయటికెళ్ళి దగ్గాలి. కొత్తగా వచ్చినవాడెవడైనా స్టీలు గ్లాసులో చెంచా తిప్పాడంటే, చీకట్లోంచి ఒకేసారి ఎన్నో దిళ్ళు వచ్చి పడేవి.

ఆ విద్యలో మాస్టారిని మించినవాడు లేడు. పక్కనే పడుకుని కూడా అతను ఎప్పుడొచ్చాడో, ఎప్పుడు పోయాడో చెప్పలేకపోయేవారు. ఒక్క బావమరిదే ఒప్పుకునేవాడు కాదు. ఆ గదిలో కొన్నాళ్ళు మాస్టారి పక్క పరుపు అతనిదే. “మెలకువగా ఉన్నంతసేపూ పిల్లి. నిద్రపట్టిందా, కుడికాలు డ్యూటీకెక్కుతుంది. నా పిక్క మీద ఎన్ని చొక్కాలు ఇస్త్రీ చేశాడో ఆ దేవుడికెరుక!” అని నలుగురిలో గోల పెట్టేవాడు. మాస్టారు నమ్మేవాడు కాదు. నిద్రలో తన కాలు ఏం చేస్తుందో తనకెలా తెలుస్తుంది?

భార్యని పిలిపించుకోవాలంటే సొంతంగా ఒక వాటా ఉండాలి, అందులో తాను ఉంటున్నట్టు నమోదు కావాలి అన్నారు. వెతగ్గా వెతగ్గా రెండంతస్తుల ఇంట్లో పై వాటా దొరికింది. ఒక గది, ఒక వంటిల్లు, చెక్క మంచం ఒకటి. మాస్టారు సంచీతో దిగాడు. ఆ గది విద్య కూడా ఆ సంచీలోనే వెంట వచ్చింది. ఎవరూ నిద్రపోని ఇంట్లో ఎవరి నిద్రా చెడగొట్టకుండా, నెలల తరబడి కాపురం ఉన్నాడు.

మర్నాడు సెలవు పెట్టుకుని నమోదు ఆఫీసుకి వెళ్ళాడు. కుర్చీలో కూర్చుంటే మోకాలు ఆడుతుంది, లేచి నిలబడితే చెయ్యి మెడ వెనక్కి పోతుంది. తన టోకెను వచ్చేలోపు గోడ మీద అంటించిన సూచనలన్నీ, అర్థమైనవీ కానివీ, రెండేసిసార్లు చూశాడు.

“ఆ ఇంట్లో ఉండేది నేనేనండి. ఇదిగో, ఉన్నాను” అన్నాడు అద్దం అవతల కౌంటరు మనిషితో.

“మీరు ఇక్కడ ఉన్నారు. అది కనిపిస్తూనే ఉంది. అక్కడ ఉంటున్నారా అన్నదే ప్రశ్న.”

మాస్టారు అద్దె ఒప్పందం చూపించాడు.

“ఇది అందరి దగ్గరా ఉంటుంది. చిరునామా ఒకచోట పెట్టుకుని, వేరేచోట గుంపులో పడుకునేవాళ్ళు మా దగ్గరికి రోజూ వస్తారు. అందరూ ఇదే చూపిస్తారు.”

మాస్టారు కరెంటు బిల్లు తీశాడు. దాని మీద పెద్ద ఆశే పెట్టుకుని వచ్చాడు పాపం. కౌంటరు మనిషి దాన్ని చూసి, పక్క సీటతనికి కూడా చూపించాడు. ఇద్దరూ మర్యాదగానే నవ్వారు.

“తాళం వేసి ఊరెళ్ళినవాళ్ళకి కూడా ఇంతకంటే ఎక్కువే వస్తుందండీ.”

తడుముకుంటూ తిరిగేవాడికి లైటెందుకు? ఆ మాట ఆ భాషలో చెప్పడం చేతకాక, మాస్టారు బిల్లుని బట్ట మడిచినట్టు మూల మూలకీ కలిపి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మీరు అక్కడ ఉంటున్నారని పొరుగువాళ్ళెవరైనా చెప్పాలి. కింద ఒకావిడ ఉంటారు కదా, ఆవిడ చెబితే చాలు.”

“తనిఖీకి ఎప్పుడొస్తారండీ?”

“చెప్పి వస్తే అది తనిఖీ ఎలా అవుతుంది?”

ఆ మాట మాస్టారి కాళ్ళ కింద పాదరసం పోసింది. ఎప్పుడైనా రావచ్చు అంటే, ఇప్పుడు కూడా రావచ్చు. బస్సు కోసం ఆగలేక సగం దూరం నడిచాడు, మిగిలిన సగం పరుగులాంటి నడక నడిచాడు. ఇంటికి వచ్చి చూస్తే ఎవరూ రాలేదు. కొత్త కాగితమూ లేదు. అయినా తలుపుని పైనుంచి కిందిదాకా తడిమి చూసుకున్నాడు.

కింది వాటాలో ఉండే పెద్దావిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరయిన మనిషి. జీవితమంతా చెవితోనే బతికింది. మొహాలు మరిచిపోతుందేమో గాని, ఒకసారి విన్న గొంతు మరిచిపోదు. మాస్టారు ఆ సాయంత్రమే వెళ్ళి తలుపు మీద వేలితో మెల్లగా తట్టాడు. ఎంత మెల్లగానంటే, ఆవిడ రాలేదు. మళ్ళీ తట్టాడు. మూడోసారికి గొలుసు తీయకుండానే తలుపు సందులోంచి ఒక కన్ను కనిపించింది.

“ఎవరు?”

“పై వాటా అండి.”

“పై వాటాలో ఎవరూ లేరు.”

“నేనున్నానండి. చాలా నెలలయింది వచ్చి.”

“నా నెత్తి మీద మనిషి ఉంటే నాకు తెలియదా? అంతకుముందు ఓ పహిల్వాను ఉండేవాడు, పొద్దున్నే ఇనప గుండ్లు కింద పడేసేవాడు. ఆ ముందు ముగ్గురు పిల్లలు. మంచం మీంచి నేల మీదకి, నేల మీంచి మంచం మీదకి. ఇన్నాళ్ళకి ఇల్లు ఖాళీ అయి నాకు కాస్త ప్రాణం కుదుటపడింది.”

“నేను చప్పుడు చేయనండి. అందుకే మీకు...”

“బతికినవాడు చప్పుడు చేయకుండా ఎలా ఉంటాడు?” ఆవిడ మాస్టారిని ఆపాదమస్తకం చూసి, ఒక నిశ్చయానికి వచ్చింది. “నిన్ను ఓనరు పంపాడు కదూ? ఆ పసుపు కాగితం నేనూ చూశాన్లే. నాచేత అబద్ధం చెప్పించాలని వచ్చావు.”

“లేదండి!”

“నేను విన్నదే చెబుతాను. వినంది చెప్పను. ఉద్యోగంలోనే చెప్పలేదు, ఇప్పుడు చెబుతానా? వచ్చావు కాబట్టి మీ ఓనరుకి ఒక మాట చెప్పు. పైన ఏదో పైపు కొట్టుకుంటోంది. సాయంకాలం మొదలుపెడితే ‘టక్... టక్...’ అని తెల్లవారకముందు దాకా అదే పని. నాలుగుసార్లు ఫోను చేశాను. చూస్తాను చూస్తాను అంటాడు, చూడడు.”

“నేను చూస్తానండి” అన్నాడు మాస్టారు. వచ్చిన పని మరిచిపోయి ఎదుటివాళ్ళ పని నెత్తిన వేసుకోవడం అతనికి పుట్టుకతో వచ్చిన గుణం. పైకి వెళ్ళి వంటింట్లో పైపు పొడవునా పాత తువ్వాలు చింపి చుట్టాడు. పాపం, ఆ పెద్దావిడకి చప్పుడు తగ్గాలి కదా!

అప్పటికి ఫోను అదేపనిగా వణుకుతోంది. భార్య.

మిల్లులో యంత్రాల మధ్య పనిచేసినవాళ్ళు మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ “కూర్చోండి” అంటే మాస్టారు లేచి నిలబడేవాడు.

“ఏవండీ! మీరు ఇంట్లో లేరటగా!”

“నువ్వు కూడా మొదలెట్టావా?”

“నేను ఎప్పుడో చెప్పాను మీకు, మనిషి ఉన్నా లేనట్టే ఉంటారని. నేను చెబితే ఎగతాళి. ఇప్పుడు గవర్నమెంటు చెప్పింది, వినండి! ఇంతకీ ఆ కిందావిడ మీద పోట్లాడారా?”

“పైపుకి గుడ్డ చుట్టి వచ్చాను.”

అవతల మిల్లు ఆగినట్టయింది.

“తమ్ముణ్ణి పంపిస్తున్నాను” అంది చివరికి.

మర్నాడు సాయంత్రం బావమరిది పనిముట్ల సంచీతో వచ్చాడు. ముందుగా పైపు చూశాడు. గుడ్డ విప్పి, తట్టి, చెవి ఆనించి, “పైపు బంగారంలా ఉంది బావా. ఆవిడ చెవులకి వాషరు మార్చాలి” అని తేల్చేశాడు. తరవాత గది మధ్యలో నిలబడి, సైన్యానికి హుకుం ఇచ్చినట్టు చెప్పాడు.

“నువ్వు చప్పుడు చెయ్యాలి.”

“ఎలా?”

“ఎలా ఏంటి? బూటు వెయ్యి. అంతెత్తు నుంచి.”

మాస్టారు బూటు పైకెత్తి వదిలాడు. అది నేలని తాకేలోపు వంగి పట్టేసుకున్నాడు. చెయ్యి తనంతట తానే వెళ్ళిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి చేతులు వెనక్కి కట్టుకుంటే, కాలు ముందుకొచ్చి బూటుని పాదం మీద ఆపింది. “అమ్మా” అన్నాడు, అదీ గొంతు లోపలే.

“కుర్చీ లాగు” అన్నాడు బావమరిది తల పట్టుకుని.

మాస్టారు కుర్చీని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టాడు.

“లాగమన్నాను!”

“లాగాను కదరా.”

“దాన్ని లాగడమంటారా? పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు!”

పోనీ అని పాట పెట్టమంటే, ఫోను తలగడ కింద పెట్టి పెట్టాడు. బావమరిది ఇక లాభం లేదని కుర్చీలో కూలబడి, తానే ఓ ఉపాయం కనిపెట్టాడు. “నీకు చేతకాదు. చేతనైన మనిషి మన కుటుంబంలో ఒకరున్నారు. రేపట్నుంచి డ్యూటీ దిగి రాగానే అక్కకి ఫోను చెయ్యి. స్పీకరు మీద పెట్టి, సౌండు పూర్తిగా పెంచి నేల మీద పెట్టేయి. మిగతాది అక్క చూసుకుంటుంది.”

భార్య ఆ బాధ్యతని సంతోషంగా తీసుకుంది. మర్నాటినుంచి పై వాటా మారుమోగిపోయింది. పాత బాకీలన్నీ బయటికొచ్చాయి. పెళ్ళిలో చెల్లెలికి చీర పెట్టనిది, ఈ దేశం వచ్చిన మొదటి ఏడు ఆవిడ పుట్టినరోజు మరిచిపోయింది, ఫోటోకి నవ్వమంటే నవ్వనిది. మాస్టారు మంచం మీద ముడుచుకుని “ఊఁ” అని మనసులోనే అనుకుంటూ, మెట్ల మీద అడుగుల చప్పుడేమైనా వస్తుందా అని చెవి అటే పడేసి కూర్చునేవాడు. ఆఖరికి భార్య అలిసిపోయి “సరే, పడుకోండి” అంటే పడుకునేవాడు. తనిఖీ ఎప్పుడో తెలియని ఆ రోజుల్లో నిద్రలో కూడా కుదురు లేదు. పొద్దున లేచేసరికి దుప్పటి ఎప్పుడూ కాళ్ళ దగ్గర ఉండచుట్టుకుని ఉండేది.

లాండ్రీలోనూ అంతే. ఎవరో పెద్దమనిషి ప్యాంటుకి మడత ముందు రావలసింది పక్కకి తెచ్చాడు. సూపర్‌వైజరు దాన్ని ఎత్తి పట్టుకుని, “మాస్టారూ, ఈయన పక్కవాటుగా నడుస్తాడా?” అని అడిగాడు. అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వాడు, కానీ కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి. ఈ క్షణాన వాళ్ళు వచ్చి తలుపు కొడుతున్నారేమో!

నిజానికి వాళ్ళు వచ్చింది అతను ఇంటికి చేరే వేళకే.

ఆ మధ్యాహ్నం వీధి మలుపు తిరిగాడు. కింది మెట్టు దగ్గర అలవాటు చొప్పున బూట్లు విప్పాడు. చేత పట్టుకుని మేజోళ్ళతో పైకి ఎక్కుతున్నాడు. తల వంచుకుని ఉన్నాడేమో, కింది వాటా తలుపు బార్లా తెరిచి ఉండటం చూడలేదు. గుమ్మంలో పెద్దావిడ ఉంది. పక్కన మెడలో కార్డు, చంకలో ఫైలు ఉన్న ఇంకో ఆవిడ. తనిఖీ ఆవిడ.

“చూడండి, చూడండి!” అంది పెద్దావిడ గుసగుసగా. “బూట్లు చేత పట్టుకుని ఎలా పోతున్నాడో! వీణ్ణే ఓనరు పంపింది.”

“ఆగండి” అంది తనిఖీ ఆవిడ. “ఎవరు మీరు?”

మాస్టారు ఒక కాలు ఈ మెట్టు మీద, ఇంకో కాలు ఆ మెట్టు మీద, గుండెలకి హత్తుకున్న బూట్లతో, దొంగని గీయమంటే ఎలా గీస్తారో అచ్చం అలాగే నిలబడిపోయాడు. ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు కూడా ఉంది. దాన్ని కప్పుకుందామని కుడిపాదం దాని మీద వేశాడు. దాంతో తూలి గోడ పట్టుకున్నాడు.

“పై వాటాలో... ఉండేది నేనేనండి.”

తనిఖీ ఆవిడ ఫైలు తెరిచింది. “ఇదెక్కడి చిక్కండీ! ఇందులో ఉండాల్సింది ఒక మగమనిషి. ఈవిడేమో పైన ఉంటున్నది ఆడమనిషి అంటున్నారు.”

“అవును” అంది పెద్దావిడ. “విన్నదే చెబుతాను. నాలుగైదు రోజులుగా పైన ఒక ఆడమనిషి ఉంది. మధ్యాహ్నం మొదలుపెడితే చీకటిపడేదాకా తిడుతూనే ఉంటుంది. ఎవర్ని తిడుతుందో తెలియదు, పలికేవాళ్ళు లేరు. పిచ్చిదేమో అనుకున్నాను.”

“అంటే” అని తనిఖీ ఆవిడ పెన్ను తీసింది, “నమోదైన మనిషి లేడు, నమోదు కాని మనిషి ఉంది. ఇది ముందుదానికంటే పెద్ద తప్పండీ.”

మాస్టారు ఉన్న తనని ఉన్నట్టు చూపించబోయి, లేని భార్యని ఉన్నట్టు చేసుకున్నాడు. ఆ పెన్ను కాగితాన్ని తాకిందంటే భార్య ఇక్కడికి రావడం కాదు, తానే అక్కడికి వెళ్ళిపోవాలి.

“పైకి రండి మేడమ్. ఒక్కసారి చూడండి. దయచేసి.”

ముగ్గురూ పైకి వెళ్ళారు. తనిఖీ ఆవిడ గదంతా కలియజూసింది. కుర్చీకాళ్ళకి చుట్టిన గుడ్డలు, కుళాయికి కట్టిన పీలిక, తువ్వాల్లో చుట్టి తలగడ కింద దూర్చిన అలారం, గ్లాసులో గుడ్డ చుట్టి పెట్టిన చెంచా. తలుపు బందుకి నూనె. ఆవిడ చెంచా తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

“దీనికేం దెబ్బ తగిలింది?”

మాస్టారు తన ముడతల భాషలో చెప్పాడు. నేల మీద పరుపులు, పరుపుకి ఇద్దరు, ఎప్పుడూ నిద్రపోతూ ఉండే ఎవడో ఒకడు. మొదట్లో తడబడ్డాడు గాని, జిప్పు పన్ను పన్ను చొప్పున ఎలా తెరవాలో చేత్తో చూపించేసరికి భాషతో పనిలేకపోయింది. పెద్దావిడ గుమ్మాన్ని పట్టుకుని వింటోంది.

“మరి ఆ ఆడమనిషి?” అంది తనిఖీ ఆవిడ, మంచం కిందకి ఒకసారి వంగి చూసి.

అప్పుడే మాస్టారి జేబు వణికింది. తీసి, స్పీకరు నొక్కి, చెయ్యి చాపాడు.

“ఏవండీ! ఇవాళైనా నేల మీద కాలు ఆనించి నడిచారా, లేకపోతే గాల్లో తేలుతూ వచ్చారా? ఏంటీ పలకరు? నోరు కూడా గుడ్డ చుట్టి పెట్టారా?”

“అదే గొంతు!” పెద్దావిడ చెయ్యి పైకి లేచింది. “అదే! ఎక్కడైనా గుర్తుపడతాను.”

“ఎవరండీ అది? ఆడగొంతు! ఎవరు మన ఇంట్లో?” అంది ఫోను, ఇంకా హెచ్చుస్థాయిలో.

మాస్టారు అటుదిటూ ఇటుదటూ చెప్పలేక సతమతమయ్యాడు. మొత్తానికి అవతలి మనిషి ఎవరో, ఎక్కడుందో, ఎందుకు తిడుతోందో తనిఖీ ఆవిడకి అర్థమైంది. పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. “సరే. ఈవిడ ఇక్కడ లేరు, ఒప్పుకుంటాను. కానీ మీరున్నారని చెప్పాల్సింది నేను కాదు. ఈవిడ.”

అందరూ పెద్దావిడ వైపు చూశారు. ఆవిడ ఇబ్బందిగా చేతులు నలుపుకుంది.

“ఇతను మంచివాడిలాగే ఉన్నాడు. అబద్ధం ఆడుతున్నాడని నేననను. కానీ నేను వినలేదమ్మా. ఒక్క దగ్గు వినలేదు. ఒక్క అడుగు వినలేదు. వినందాన్ని విన్నానని సంతకం పెట్టలేను” అంది. ఇక అక్కడ నిలబడలేక మెల్లగా మెట్లు దిగి తన వాటాలోకి వెళ్ళిపోయింది.

తనిఖీ ఆవిడ కుర్చీలో కూర్చుని ఫైలు ఒళ్ళో పెట్టుకుంది. మాస్టారు మంచం అంచున కూర్చున్నాడు. ఫోనులో భార్య కూడా ఏం జరిగిందో గ్రహించినట్టు మాట్లాడటం మానేసింది. ఆ ఇంట్లో మళ్ళీ మునుపటి నిశ్శబ్దం. కాగితం మీద పెన్ను గీసే చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మాస్టారి కళ్ళు ఆ పెన్ను వెంటే పోతున్నాయి. అది ఒక వరస దాటింది, రెండో వరసకి వచ్చింది. లోపలున్న గాభరా అంతా ఎక్కడికి పోవాలో తెలియక కుడికాల్లోకి దిగింది. మడమ లేచింది. మంచంకోడుకి తగిలింది. టక్. మళ్ళీ లేచింది. టక్.

కింది నుంచి ఏదో కర్రతో కప్పుని పొడిచినట్టు దడదడమని మోగింది. తరవాత మెట్ల మీద అడుగులు. ఆ వయసులో ఆవిడ అంత వేగంగా ఎక్కగలదని ఎవరూ అనుకోరు.

“పైపు!” అంది గుమ్మంలో ఆయాసపడుతూ. “ఇప్పుడు మళ్ళీ మొదలైంది, ఆ దిక్కుమాలిన పైపు! ఎక్కడ...” అని ఆగిపోయింది. మాస్టారి కాలు ఇంకా ఆగలేదు. టక్. ఒక చొక్కా సర్దినంతసేపు ఆగి, టక్. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. తెరిచి కాలు చూసింది. మళ్ళీ మూసుకుని వింది.

“నువ్వా పైపువి?”

మాస్టారు తన కాలుని పరాయివాడి కాలుని చూసినట్టు చూసుకున్నాడు. రెండు చేతులతో మోకాలు అదిమి పట్టుకుని, “క్షమించండమ్మా” అన్నాడు. మొహం ఎర్రబడింది.

“ఆపకు!” అని కసిరింది పెద్దావిడ. తనిఖీ ఆవిడ వైపు తిరిగింది. “రాసుకోండమ్మా. ఇతను పైనే ఉంటున్నాడు. ఇప్పట్నుంచి కాదు, పహిల్వాను ఖాళీ చేసిన తరవాతి నెల నుంచీ. రోజూ చీకటిపడగానే పడుకుంటాడు, తెల్లవారకముందే లేస్తాడు. ఒక్క రోజు తప్పలేదు. ఇది నేను విన్నాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. కావాలంటే ఓనరుని అడగండి, నాలుగుసార్లు ఫోను చేశాను ఇతని మీద.”

ఫోనులోంచి అరుపు. “ఏవండీ, ఏమంటోంది ఆవిడ? ఏవండీ!”

“నేనున్నానంటోంది” అన్నాడు మాస్టారు. గొంతు కొంచెం పైకే వచ్చింది.

“నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నానుగా, ఆ కాలు!” వెనకనుంచి బావమరిది గొంతు. అక్క వాణ్ణి కూడా లైనులో కలిపే ఉంచింది.

నమోదు అయింది. దాని కొంగు పట్టుకుని కార్డు, వీసా, మరో వీసా ఒక్కొక్కటే వచ్చాయి. మిల్లు పని మానేసిన భార్య పెద్ద పెట్టెతో దిగింది. ఆ పెట్టెని మెట్టు మెట్టుకీ దడాల్ దడాల్‌మనిపిస్తూ ఎక్కించింది. మాస్టారు వెనకాల “నెమ్మది, నెమ్మది” అంటూ బూట్లు చేత పట్టుకుని ఎక్కాడు.

మొదటి సాయంత్రమే ఆవిడకి సంగతి తెలిసొచ్చింది. నిద్రపట్టగానే భర్త కాలు మంచం చెక్కని తొక్కడం మొదలుపెట్టింది. కాసేపు ఓపిక పట్టింది. లాభం లేక, పాత దుప్పటి మందంగా మడిచి పాదానికీ చెక్కకీ మధ్య దోపింది. ఇల్లు సద్దుమణిగింది. ఇద్దరూ హాయిగా పడుకున్నారు.

రెండు రోజులు గడిచాయి. మూడో సాయంత్రం మాస్టారు పడుకున్నాక తలుపు చప్పుడైంది. భార్య తీస్తే కింది పెద్దావిడ. భాష తెలియదు గాని, ఆ మొహంలో కంగారు తెలిసింది. పెద్దావిడ లోపలికి తొంగి చూసి, మంచం మీద మనిషిని చూపించి, తన కుడికాలు ఎత్తి మడమతో నేల మీద టక్కుమనిపించింది. తరవాత లేదన్నట్టు చేతులు తిప్పింది. మనిషికి ఒంట్లో బాగానే ఉందా?

భార్య మంచం దగ్గరికి వెళ్ళి, మడిచిన దుప్పటి మెల్లగా లాగేసింది.

టక్.

పెద్దావిడ తల ఊపి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.